కొత్త హోటళ్లు ఇన్ని వచ్చాయి, మన తిండి ఎక్కడ?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో వరంగల్ చుట్టుపక్కల కొత్తగా తెరిచిన రెస్టారెంట్ల మీద అరపేజీ వ్యాసం వేశారు. నేను రెండుసార్లు చదివాను, ఎందుకంటే మా ఇంట్లో అందరికీ బయట తినడం ఇష్టం, నెలకు ఒకసారైనా వెళ్తాం, కొత్తది ఏం వచ్చినా చూడాలనిపిస్తుంది. లైట్లు ఎలా ఉన్నాయో రాశారు, ఫొటోలు దిగడానికి ఏ మూల బాగుంటుందో రాశారు, ఎన్ని కార్లు పడతాయో కూడా రాశారు. ఏం వండుతున్నారో, అది ఎలా ఉందో, నలుగురు కడుపునిండా తింటే ఎంతవుతుందో మాత్రం ఒక్క వాక్యం లేదు. అందుకే ఈ ఉత్తరం. పెద్దదైంది, ఏమనుకోకండి.

నేను కాజీపేట వాడిని. రైల్వేలో గూడ్స్ గార్డుగా చేసి రిటైరయ్యాను. ముప్పై ఏళ్లు బల్హార్షా, డోర్నకల్, విజయవాడ రన్నింగ్ రూముల్లో తిన్నాను. రన్నింగ్ రూమ్ అంటే డ్యూటీ దిగిన డ్రైవర్లు, గార్డులు తిని పడుకునే చోటు. అప్పట్లో బియ్యం, పప్పు, కూరగాయలు మేమే సంచిలో పట్టుకెళ్లి ఇస్తే అక్కడి వంటమనిషి వండిపెట్టేవాడు. ఇంటి నుంచి తీసుకెళ్లిన అదే కందిపప్పు బల్హార్షాలో ఒక రుచి, విజయవాడలో ఇంకో రుచి. నిద్రమత్తులో కళ్లు మూసుకుని తిన్నా ఏ స్టేషన్‌లో ఉన్నామో నాలుక చెప్పేది. ఇప్పుడు హన్మకొండలో ఏ కొత్త హోటల్లో కూర్చుని తిన్నా ఏ ఊళ్లో ఉన్నానో నాకు తెలియడం లేదు. నా బాధంతా ఇదే.

మొన్న రెండో శనివారం మా బిడ్డ, అల్లుడు, ఇద్దరు పిల్లలు హైదరాబాద్ నుంచి వచ్చారు. మీ వ్యాసంలో ఉన్న హోటళ్లలోనే ఒకదానికి, పేరు రాయను, నేను, మా ఆవిడ, మా అమ్మతో కలిపి ఏడుగురం వెళ్లాం. అమ్మకు ఎనభై రెండేళ్లు. మెట్లు పదకొండు, పట్టుకోవడానికి కడ్డీ లేదు. నేనొక చెయ్యి, అల్లుడొక చెయ్యి పట్టుకుని ఎక్కించాం. లోపల పాటలు ఎంత గట్టిగా పెట్టారంటే ఎదురుగా కూర్చున్న మనవడు ఏమంటున్నాడో వినిపించదు. మెనూ కార్డు లేదు, టేబుల్ మీద ఒక గళ్ల బొమ్మ అంటించారు, ఫోన్‌లో చూసుకోవాలట. చూస్తే పనీర్ తొమ్మిది రకాలు, మండి నాలుగు రకాలు, చికెన్ 65, డ్రాగన్ చికెన్, అపోలో ఫిష్, అల్ఫహమ్, నూడుల్స్, పాస్తా. వేలితో పైకి జరుపుతూనే ఉన్నాను, అయిపోదు.

అమ్మ వడ్డించే అబ్బాయిని పిలిచి "జొన్న రొట్టె ఉన్నదా బిడ్డా?" అని అడిగింది. ఒడిశా నుంచి వచ్చిన పిల్లవాడు, పాపం తెలుగు సరిగా రాదు, నా వైపు చూశాడు. నేను హిందీలో చెప్తే రుమాలీ రోటీ ఉందన్నాడు. "పోనీ పచ్చి పులుసు?" అంది అమ్మ. అది కూడా లేదు. చివరికి పెరుగన్నం తెప్పించాం, దానిలో దానిమ్మ గింజలు, జీడిపప్పు వేసి, పంచదార కూడా వేసి తెచ్చారు. అమ్మ నాలుగు ముద్దలు తిని చాలంది. ఇంటికొచ్చాక తొమ్మిదిన్నరకు మా ఆవిడ అన్నం పెట్టి తొక్కు వేస్తే తిని పడుకుంది.

ఒక ముసలావిడ కోసం హోటల్ నడపరు కదా అని మీరు అడగొచ్చు. నిజమే. కానీ ఆ రోజు మా మనవడికి, పదకొండేళ్లవాడికి, అక్కడ తిన్నదేదీ కొత్త కాదు. "ఇవన్నీ మా ఇంటి దగ్గర కూడా దొరుకుతాయి తాతా" అన్నాడు. నూట నలభై కిలోమీటర్లు వచ్చిన పిల్లవాడికి మన ఊరు పెట్టగలిగింది వాళ్ల వీధి చివర దొరికేదేనా?

మాంసంతో కలిపి వండే అరబ్బుల అన్నం మండి, దాని మీద నాకు కోపం లేదు. నాకిష్టం కూడా. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్ నుంచి వచ్చినవాళ్ల వారసులు హైదరాబాద్ బార్కాస్‌లో ఉంటారు, బ్యారక్స్ అన్న మాటే బార్కాస్ అయింది, మండి ఆ ఇళ్లలోంచి వచ్చి రాష్ట్రమంతా పాకింది. వాళ్లు తమ తాతల వంటను గౌరవంగా కాపాడుకున్నారు కాబట్టే ఈరోజు హన్మకొండలో మనం ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని తింటున్నాం. హైదరాబాద్ కూడా తన బిర్యానీ, హలీమ్ వదిలిపెట్టలేదు, 2019లో యునెస్కో ఆ నగరాన్ని వంటల నగరంగా గుర్తించింది. 2021లో అదే యునెస్కో మన రామప్ప గుడిని ప్రపంచ వారసత్వ కట్టడాల్లో చేర్చింది. గుడి చూడటానికి దేశదేశాల వాళ్లు వస్తున్నారు, వేయి స్తంభాల గుడి, ఖిలా, భద్రకాళి చెరువు చూసుకుని మధ్యాహ్నానికి ఆకలేసి ఏదో ఒక హోటల్లో కూర్చుంటారు. వాళ్లకు మనం పెట్టేది చికెన్ ఫ్రైడ్ రైస్.

మనకేం తక్కువైందని? సర్వపిండి తీసుకోండి. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, నానబెట్టిన శనగపప్పు, కరివేపాకు, కారం కలిపి గంజు అడుగుకు చేత్తో అద్ది, వేలితో బొక్కలు పెట్టి, వాటిలో నూనె చుక్కలు వేసి సన్న సెగ మీద మూత పెడితే అడుగు ఎర్రగా కరకరలాడుతూ, పైన మెత్తగా వస్తుంది. కొందరు సర్వప్ప అంటారు, గిన్నప్ప అంటారు, తపాలచెక్క అంటారు. పిజ్జాకి మూడు వందలు ఇచ్చేవాళ్లు దీనికి వంద ఇవ్వరా? పచ్చి పులుసులో కాల్చిన పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ, నువ్వుల పొడి పడితే ఏ సూప్ దాని ముందు నిలుస్తుంది? మక్క గారెలు వానాకాలంలో, లేత మక్కలు వచ్చినప్పుడు మాత్రమే బాగుంటాయి. బోడకాకరకాయ కూడా వానాకాలమే. ఎండాకాలం మొదట్లో చింతచిగురు, అది వేసి వండిన యాటకూర. పుంటికూర పప్పు, బోటి, తలకాయ, జొన్న గటక, సకినాలు, గరిజెలు. బగారా అన్నం, దాల్చా అయితే కాజీపేటలో ఏ మతం ఇంట్లో దావత్ అయినా ఉండాల్సిందే. ఇంకొంచెం పైకి పోతే ఉట్నూరు వైపు ఆదివాసీ ఆడవాళ్లు ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నారు, అవి భోజనం చివర ఒక్కొక్కటి పెట్టినా చాలు, గులాబ్ జామూన్ అక్కర్లేదు.

చేపల సంగతి చెప్పకుండా ఉండలేను. పాకాల, రామప్ప, లక్నవరం, ఘనపురం, కాకతీయులు తవ్వించిన చెరువులు ఎనిమిది వందల ఏళ్లుగా మన చుట్టూ ఉన్నాయి. కొర్రమట్ట మన రాష్ట్ర చేప. ఆ హోటల్లో అపోలో ఫిష్ ఏ చేపతో చేస్తారని అడిగితే బాసా అన్నారు, ముల్లు లేకుండా ముక్కలు కోసి గడ్డకట్టించి పెట్టెల్లో వస్తుందట. ఇన్ని చెరువుల మధ్య కూర్చుని పెట్టెలో వచ్చిన చేప తినడం నాకు మింగుడుపడలేదు.

వండితే జనం వస్తారా అంటే, వస్తారు. అంకాపూర్ చూడండి. నిజామాబాద్ జిల్లాలో ఆర్మూర్ పక్కన ఒక పల్లెటూరు. అక్కడ పెద్ద ఏసీ హాలు, బొమ్మల గోడలు ఏమీ లేకుండానే నాటుకోడి కూరకు పేరొచ్చింది. ముందుగా ఫోన్ చేసి చెప్తే కోడిని కాల్చి, కోసి, వండి, అన్నంతో కలిపి కట్టిస్తారు. రాష్ట్రం నలుమూలల నుంచి కార్లు కట్టుకుని పోయి తెచ్చుకుంటారు, హైదరాబాద్‌లో ఆ ఊరి పేరు పెట్టుకుని హోటళ్లే నడుస్తున్నాయి. ఒక్క వంటకం, ఊరి పేరుతో. హైదరాబాద్ తర్వాత రాష్ట్రంలో పెద్ద ఊరు మనది, మన పేరుతో ఏ వంటకం ఉందో నాకు ఎవరైనా చెప్పండి.

ఆ రోజు సంగతే ఇంకొకటి. పిల్లలు తందూరీ చికెన్, చికెన్ 65 తిన్నారు. మనవరాలు సబ్బుతో రెండుసార్లు చెయ్యి కడుక్కున్నా గోళ్ల చుట్టూ ఆరెంజ్ రంగు పోలేదు, మర్నాడు స్నానం అయ్యాక కూడా అలాగే ఉంది. కారం రంగు అయితే సబ్బుకు పోతుంది, ఇది కారం కాదు, పొడి రంగు. బిర్యానీలో, కబాబుల్లో, తందూరీ ముక్కల్లో ఇలాంటి కృత్రిమ రంగులు కలపకూడదు, ఆహార భద్రత అధికారులు తనిఖీలకు వెళ్లినప్పుడల్లా చెప్పే మాటే ఇది. నాకు కోపం ఎందుకు వచ్చిందంటే, మనది చపాటా మిర్చి పండే నేల. ఊళ్లల్లో టమాటా మిర్చి అంటారు, గుండ్రంగా ఉబ్బి ఉంటుంది, ఘాటు తక్కువ, రంగు మాత్రం చెప్పనలవి కాదు. 2025లో దానికి ఈ నేల పంటే అని చెప్పే భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా వచ్చింది. ఫిబ్రవరి, మార్చిలో ఏనుమాముల మార్కెట్ యార్డ్‌కి పోతే ఎక్కడ చూసినా ఎరుపే. కంపెనీలు ఆ కాయ కొని దానిలోంచి రంగు తీసి దూరదేశాలకు పంపిస్తాయి. ఎక్కడో తినేవాళ్లకు మన మిర్చి రంగు, ఏనుమాములకు ఐదారు కిలోమీటర్ల దూరంలో తినే నా మనవరాలికి డబ్బా రంగు. ఇది ఎంత అన్యాయం! చపాటా కారం కొంచెం ఎక్కువ వేసినా నోరు మండదు, పిల్లలకు కూడా పెట్టొచ్చు, కిలోకి కొంచెం ఖర్చు పెరుగుతుంది అంతే. "మా తందూరీకి చపాటా మిర్చి రంగు తప్ప వేరే రంగు లేదు" అని ఒక్క హోటల్ వాళ్లు బోర్డు పెడితే నేను చుట్టాలందరినీ వెంటబెట్టుకుని అక్కడికే పోతాను.

బిల్లు సంగతి తొందరగా చెప్తాను. తిన్నది 3,600 రూపాయలు. దాని మీద 5 శాతం సర్వీస్ చార్జ్ 180. ఆ రెండూ కలిపిన 3,780 మీద 5 శాతం జీఎస్టీ 189. మొత్తం 3,969. సర్వీస్ చార్జ్ బిల్లులో దానంతట అది వేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలోనే చెప్పింది, హోటళ్ల సంఘాలు కోర్టుకు పోతే 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా ఆ మాటనే సమర్థించింది. ఇష్టముంటే ఇస్తాం, బలవంతం లేదు. నేను అడిగితే మేనేజర్ మొదట "సిస్టమ్‌లో అలాగే వస్తుంది సార్" అన్నాడు. 1915కి ఫోన్ చేస్తానని నెమ్మదిగానే చెప్పాను, అది వినియోగదారుల హెల్ప్‌లైన్. వెంటనే 3,780కి కొత్త బిల్లు వచ్చింది. నాకు మిగిలింది 189 రూపాయలు, అందులో వంద ఆ ఒడిశా పిల్లవాడి చేతిలోనే పెట్టాను. అడగనివాళ్లు ఎంతమంది ఉంటారో ఆలోచించండి. బిల్లు మీద ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే పద్నాలుగు అంకెల నంబర్ ఉండాలని కూడా 2022 జనవరి నుంచి నియమం ఉంది, మా బిల్లు మీద లేదు. ఇవి మీ విలేకరి ఒక్క నిమిషంలో చూసి రాయగలిగిన విషయాలు.

హోటల్ వాళ్ల కష్టం నాకు తెలియదనుకోవద్దు. హంటర్ రోడ్డు వైపు చిన్న హోటల్ నడుపుతున్న ఒకాయన నాకు పరిచయం, ఆయన్ని అడిగాను, జొన్న రొట్టె ఎందుకు పెట్టవు అని. ఆయన చెప్పినదాంట్లో న్యాయం ఉంది. జొన్నపిండికి గోధుమపిండిలా జిగురు ఉండదు, పొద్దున కలిపి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే రాదు, వేడినీళ్లు పోసి అప్పటికప్పుడు పిసికి చేత్తో కొట్టాలి, పెనం మీద తడి అద్ది తిప్పాలి, తర్వాత మంట మీద కాల్చాలి. చల్లారితే గట్టిపడుతుంది. ఆ పని వచ్చిన మనిషి ఉండాలి, మాస్టర్లు బయటి రాష్ట్రాల నుంచి వస్తున్నారు, వాళ్లకు చైనీస్ వచ్చు, తందూర్ వచ్చు, ఇది రాదు. పైగా కస్టమర్లు పది నిమిషాలు దాటితే గొడవ చేస్తారట. ఇవన్నీ విన్నాక నేను ఒక్కటే అన్నాను, సాయంత్రం ఐదు తర్వాత హన్మకొండలో రోడ్ల పక్కన పొయ్యి పెట్టుకుని రొట్టెలు కొట్టే ఆడవాళ్లు ఎంతమంది ఉన్నారో చూశావా అని. షుగర్ ఉన్నవాళ్లు, లేనివాళ్లు, బండ్లు ఆపి నిలబడి మరీ కట్టించుకుపోతున్నారు. పది నిమిషాలు కాదు, పావుగంట నిలబడుతున్నారు. పని వచ్చిన చేతులు ఉన్నాయి, కొనేవాళ్లు ఉన్నారు, మధ్యలో నీ హోటల్ మాత్రమే లేదు అన్నాను. వాళ్లలో ఇద్దరిని జీతం ఇచ్చి, లోపల, ఫ్యాన్ కింద, పొగ పోయే చిమ్నీ పెట్టి కూర్చోబెట్టొచ్చు కదా. దుమ్ములో, వానలో కూర్చుని కాల్చే ఆ అక్కలకు కూడా అది మేలు. రోజూ కుదరకపోతే శని, ఆదివారాలు పెట్టు, అంకాపూర్‌లో లాగా ముందే ఫోన్‌లో చెప్పించుకో. ఆయన నవ్వి టీ తెప్పించాడు. కాదని మాత్రం అనలేదు.

ఇక మీకు నా విన్నపం. రెస్టారెంట్ల మీద మళ్లీ రాస్తారు కదా, ఈసారి మీ మనిషి ఒక్కడే, ముందు చెప్పకుండా, తన డబ్బుతో వెళ్లి తినాలి. తిన్నది రాయాలి, బాగుంటే బాగుందని, నూనె వాసన వస్తే వస్తుందని. పెద్దవాళ్లు మెట్లు ఎక్కగలరా, మాట వినిపిస్తుందా, మంచినీళ్లు అడిగితే గ్లాసులో ఇస్తారా లేక సీసా తెచ్చి మూత తీసేస్తారా, బిల్లులో ఏమేం కలుపుతారు, ఇవి మాకు కావాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ మెనూలో ఈ నేల వంటకం ఒక్కటైనా ఉందా లేదా అన్నది ప్రతిసారీ రాయండి. మీరు నాలుగు వారాలు వరుసగా "లేదు" అని రాస్తే ఐదో వారానికి ఎవరో ఒకరు పెడతారని నాకు నమ్మకం. ఓనర్లు మీ జిల్లా పేజీ చదువుతారు, ఎవరేం రాశారో ఫోన్లలో పంపుకుంటారు.

కొత్తదాని మీదే రాయాలన్న పట్టుదల కూడా వదలండి. మా కాజీపేటలోనే ఒక చిన్న మెస్ ఉంది, బోర్డు కూడా సరిగా కనిపించదు, ఆరు టేబుళ్లు, ముగ్గురు ఆడవాళ్లు కలిసి నడుపుతారు. జొన్న రొట్టె, పుంటికూర పప్పు, పచ్చి పులుసు, ఆదివారమైతే నాటుకోడి. వానలు పడ్డాక అడిగితే బోడకాకర కూడా వండుతారు. పోయిన వారం అమ్మను అక్కడికి తీసుకెళ్లాను, మెట్లు లేవు. రొట్టె తుంచి పులుసులో ముంచుకుని ఒకటిన్నర తిన్నది, లోపలికి తొంగిచూసి "పిండి ఎక్కడ పట్టిస్తున్నరు బిడ్డా?" అని కాసేపు వాళ్లతో ముచ్చట పెట్టింది. మీ విలేకరి వస్తానంటే నేనే స్టేషన్ దగ్గర కలిసి తీసుకెళ్తాను. పన్నెండున్నర లోపల రమ్మనండి, ఒంటిగంట దాటితే రొట్టెలు అయిపోతాయి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ రైల్వే గార్డు,
కాజీపేట